ముప్పాతిక అంగుళంలో అవ్వ పాట

బుల్‌బుల్ అనగానే మీలో చాలామందికి పిట్ట గుర్తొస్తుంది. నేను చెప్పబోయేది పిట్ట సంగతి కాదు, పెట్టె సంగతి. రెండడుగులుండే సన్నటి చెక్కపెట్టె, దాని మీద బారుగా ఇనుప తీగలు, తీగల మీద టైపు మిషనుకు ఉన్నట్టు గుండ్రటి మెట్లు. ఎడమచేతి వేళ్ళతో మెట్లు నొక్కుతూ, కుడిచేతిలో చిన్న ప్లాస్టిక్ బిళ్ళ పట్టుకుని తీగను మీటాలి. కొందరు దీన్నే బ్యాంజో అంటారు. మా పక్క భజన మండళ్ళలో హార్మోనియం, తబలా, తాళాల మధ్య ఒక మూలగా కూర్చుని ఒకాయన దీన్ని వాయించేవాడు. చిన్నప్పుడు గుడి అరుగు మీద నిద్రకు తూగుతూ విన్నవాళ్ళకు ఆ గలగల చప్పుడు ఇప్పటికీ గుర్తుండే ఉంటుంది.

ఇంతగా మన గుళ్ళలో కలిసిపోయిన ఈ పెట్టె మనది కాదంటే నమ్ముతారా? ఇది జపాను సరుకు. 1912లో నగోయా అనే ఊళ్ళో గోరో మొరిటా అనే ఆయన దీన్ని తయారుచేశాడు. టైపు మిషను చూసే ఆయనకు ఈ మెట్ల ఆలోచన వచ్చిందట. అదే ఏడు అక్కడ తైషో చక్రవర్తి కాలం మొదలైంది, అందుకని దానికి తైషోగోతో అని పేరు. జపాను నుంచి ఓడలెక్కి ఎక్కడెక్కడికో పోయింది. బలూచిస్తాన్‌లో దీన్ని బెంజూ అంటారు, ఆఫ్రికా తూర్పు తీరంలో పెళ్ళి పాటల్లో వాయిస్తారు. మన దేశానికి వచ్చి బుల్‌బుల్ తరంగ్ అయింది. తరంగ్ అంటే అల. పేరు పెట్టినవాళ్ళెవరో గాని మంచి రసికులు!

మనలాంటి వాళ్ళకు ఇది ఎందుకు సులువో చెబుతాను. వీణకు గాని, వయొలిన్‌కు గాని చిన్నప్పటి నుంచి గురువు దగ్గర కూర్చోవాలి. పిల్లనగ్రోవికి ఊపిరి కావాలి. ఇందులో ఏ మెట్టు నొక్కితే ఏ స్వరం రావాలో పెట్టె చేసినవాడే నిర్ణయించి పెట్టాడు. మనం నొక్కడమే తరువాయి. పీట మీదో, ఒడిలోనో పెట్టుకోవచ్చు. పైగా మా కాలంలో పదో తరగతి కాగానే ఆడపిల్లలను టైపు ఇన్‌స్టిట్యూట్‌కు పంపేవారు కదా. నేనూ జగిత్యాలలో టైపు లోయరు పాసయ్యాను. ఉద్యోగం రాలేదు, పెళ్ళయింది. ఆ టైపు ఇన్నేళ్ళకు ఇలా అక్కరకొస్తుందని అప్పుడు ఎవరనుకున్నారు!

ఇక నాకు యాభై మూడేళ్ళ వయసులో ఈ పని ఎందుకు పడిందో చెప్పాలి.

మాది గోదావరికి రెండు ఒడ్లా ఉన్న సంసారం. పుట్టిల్లు ధర్మపురి దగ్గర పల్లె, అప్పటి కరీంనగర్ జిల్లా. అత్తగారిల్లు మంచిర్యాల, అప్పటి ఆదిలాబాద్ జిల్లా. 2016లో జిల్లాలు విడదీశాక ఒకటి జగిత్యాల జిల్లా, ఇంకోటి మంచిర్యాల జిల్లా అయ్యాయి గాని, నాకు మాత్రం ఇప్పటికీ రాయపట్నం వంతెన దాటితే పుట్టిల్లు, మళ్ళీ దాటితే అత్తిల్లు. మేం ముగ్గురం అక్కచెల్లెళ్ళం. పెద్దక్క కోరుట్లలో, చెల్లె నిర్మల్‌లో. అవ్వ (మా పక్క తల్లిని అవ్వ అంటాం) 2017లో పోయింది.

అవ్వకు ఒక పాట ఉండేది. అన్న పండుగకు చెల్లెను తీసుకుపోదామని వస్తే, అత్తగారు ఒకటి కాకపోతే ఒకటి పని చెప్పి ఆపే పాట. చరణం చివర ఉయ్యాలో అని వస్తుంది. బతుకమ్మ చుట్టూ తిరిగేటప్పుడు పాడేది, మిగతా రోజుల్లో విసుర్రాయి ముందు కూర్చుని తనలో తానే పాడుకునేది. విసుర్రాయి తిరిగే చప్పుడే దానికి తాళం. మా ఊళ్ళో ఈ కథ మీద వేరే పాటలున్నాయి, అవ్వ బాణీ మాత్రం ఇంకెవరి నోటా వినలేదు. తన తల్లి దగ్గర నేర్చుకున్నానని చెప్పేది.

అవ్వ పోయాక చెల్లె ఆ పాట మాటలన్నీ నోటుబుక్కులో రాసింది. నలభై రెండు చరణాలు. మాటలు భద్రంగా ఉన్నాయి. బాణీ? ఫోనుల్లో ఇన్ని వీడియోలు తీసుకుంటాం, మనవరాలు అన్నం తిన్నా తీస్తాం, అవ్వ పాడుతుంటే ఎవ్వరమూ తియ్యలేదు. అవ్వ ఫోను చూస్తే నోరు మూసుకునేది, అది వేరే సంగతి.

2022 సద్దుల బతుకమ్మకు ముగ్గురం కోరుట్లలో కలిశాం. ఆ రోజు మా ఇళ్ళల్లో పని మీకు తెలియంది కాదు. తంగేడు, గునుగు, బంతి ఒకవైపు, పులిహోర, పెరుగన్నం, నువ్వుల సద్ది, మలీద ఇంకొకవైపు. సాయంత్రం ఆటలో పాట ఎత్తుకున్నాం. మూడో చరణానికే పెద్దక్క ఆగింది.

"గట్ల గాదే, అవ్వ అక్కడ కిందికి దిగుతుండె."

"దిగలే, పైకే పోతుండె. నువ్వు ఏడుపు పాట చేస్తున్నవ్" అంది చెల్లె.

నన్నడిగారు. నాకు ఇద్దరిదీ కాదనిపించింది. అయితే మరి ఎట్లా అంటే, పాడి చూపించడానికి నా గొంతు కుదరలేదు. నలుగురు ఆడవాళ్ళు మా చుట్టూ నవ్వుతున్నారు. పండుగ పూట పేచీ ఎందుకని అందరికీ తెలిసిన పాట ఎత్తుకున్నాం. కానీ రాత్రి నిద్ర పట్టలేదు. అవ్వ పోయి ఐదేళ్ళకే ఇలా ఉంటే, మా ముగ్గురి తర్వాత ఆ పాట ఉంటుందా? మాటలు చదువుకోవచ్చు, చదివితే పాట అవుతుందా?

మంచిర్యాల వచ్చాక సజ్జ మీది బుల్‌బుల్ గుర్తొచ్చింది. అది మా మామగారిది. సింగరేణిలో పనిచేసేవారు. డ్యూటీ దిగి, స్నానం చేసి, శనివారం సాయంత్రం భజనకు పోయేవారు. ఆయన 2009లో పోయారు. అప్పటి నుంచి పెట్టె పాత దుప్పటిలో చుట్టి సజ్జ మీదే ఉంది. ఏటా సంక్రాంతికి దించి దుమ్ము దులిపి మళ్ళీ పెట్టడమే. మా అత్తమ్మకు ఎనభై దాటాయి. ఆమెను అడక్కుండా ముట్టకూడదని అడిగాను.

"మీ మామ నన్నే ముట్టనియ్యలే ఏనాడూ. తీగలు తెగుతయ్ అంటుండె. నీకెందుకే బిడ్డా గది?" అంది.

అవ్వ పాట సంగతి చెప్పాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "తీసుకో. తుడిచి తీసుకో" అంది.

తీగలన్నీ తుప్పు పట్టి ఉన్నాయి. మా బొగ్గుబావుల ఊళ్ళల్లో బట్టలారేస్తేనే నల్లటి పొడి అంటుకుంటుంది, ఇక తీగల గతి చెప్పాలా! పాత తీగలు తీసేసి, కరీంనగర్‌లో హార్మోనియం బాగుచేసే దుకాణం నుంచి కొత్తవి తెప్పించాం. మీరూ పాత పెట్టె దించితే ముందు తీగలు మార్చండి, తుప్పు తీగతో మొదలుపెడితే రెండు రోజుల్లో విసుగొస్తుంది. తీగ బిగించేటప్పుడు బిరడా ఒక్కసారే తిప్పకుండా కొంచెం కొంచెంగా తిప్పాలి, మొహం పెట్టె మీదికి వంచకూడదు. తెగితే కంటికి తగులుతుంది. ఇంకో సంగతి, కొత్త తీగ సాగుతుంది. పొద్దున శ్రుతి చేస్తే సాయంత్రానికి దిగిపోతుంది. నాలుగైదు రోజులు అట్లా చేస్తూ పోతే నిలబడుతుంది. పెట్టె పాడైందని కంగారు పడనవసరం లేదు.

ఇందులో తీగలు రెండు రకాలు. మధ్యలో ఉండే జంట మీదికి మెట్లు వస్తాయి, పాట పలికేది అవే. పక్కన ఉండే తీగలకు మెట్లుండవు, అవి ఎప్పుడూ ఒకటే స్వరం పలుకుతూ శ్రుతి పట్టి ఉంచుతాయి. తంబురా పని అవి చేస్తాయన్నమాట. జంట తీగలు రెండూ ఒకే స్వరానికి కలపాలి, పక్క తీగలు 'స'కు, 'ప'కు కలపాలి. చెప్పడం సులువే. నేను హాల్లో కూర్చుని, ఫోనులో శ్రుతి పెట్టుకుని గంటసేపు తిప్పాను. కలిసిందనే అనుకున్నాను. వంటింట్లో చిక్కుడుకాయలు ఒలుస్తున్న అత్తమ్మ అక్కడి నుంచే అంది: "గా కింది తీగ మొద్దుగున్నది. మీ మామ ఇంకా జర గుంజుతుండె."

జర గుంజాను.

"ఇంక జర."

ఇంకొంచెం తిప్పాను. అంతే, పెట్టె మొత్తం ఒక్కసారిగా మోగింది. శ్రుతి కలిస్తే ఎట్లుంటుందో మాటల్లో చెప్పలేను. ఒక తీగ మీటితే పక్క తీగ తనంతట తానే సన్నగా పలుకుతుంది. నలభై ఏళ్ళు ఆ పెట్టెను ముట్టుకోనివ్వని మనిషికి దాని శ్రుతి మాత్రం చెవిలో అచ్చు పడిపోయింది. ఆమె చెప్పేదాకా ఆ సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు, బహుశా ఆమెకు కూడా.

సాధనకు వేళ ఏది? మీరే చెప్పండి, మన ఇళ్ళల్లో ఖాళీగా కనిపించే గంట ఏదైనా ఉంటుందా! మధ్యాహ్నం గిన్నెలు కడగడం అయ్యాక, నల్లా వచ్చేలోపు ఒక అరగంట నా పేర రాసుకున్నాను. మా వారు రిటైరై ఇంట్లోనే ఉంటారు. "ఇప్పుడు కచేరీలు చేస్తవా?" అని నవ్వారు. నేనూ నవ్వి ఊరుకున్నాను. రెండో వారానికి ఆయనే టీవీ సౌండు తగ్గించడం మొదలుపెట్టారు. పక్కింటావిడ మాత్రం "మీ ఇంట్లో పిల్లలెవరన్నా వచ్చారా, ఆడుకుంటున్నారు?" అని అడిగింది. మొదటి నెలలో బుల్‌బుల్ అలాగే వినిపిస్తుంది. ఆ నెల తలుపేసుకోండి.

ఫోనులో పాఠాలు చూశాను. ఎక్కువ భాగం హిందీ సినిమా పాటలు, అంత వేగం మన వేళ్ళకు అప్పుడే రాదు. నాకు పనికొచ్చిన పద్ధతి చెబుతాను. మొదటి వారం మెట్లు ముట్టలేదు. కుడిచేత్తో ఉత్త తీగనే మీటాను, ఒకటి కిందికి, ఒకటి పైకి, రోటిలో రోకలి వేసినంత సమంగా. చెయ్యి గట్టిపడితే చప్పుడు కీచుమంటుంది, మణికట్టు వదులుగా ఉండాలి, పిండి జల్లించేటప్పుడు ఉన్నట్టు. రెండో వారం స రి గ మ, అంతే, పైకీ కిందికీ. మెట్టును మధ్యలో నొక్కితేనే తీగ సరిగ్గా పలుకుతుంది. సగం నొక్కి వదిలేస్తే బుర్రుమంటుంది. మెట్టు నొక్కిన తర్వాత మీటాలి, రెండూ ఒకేసారి కాదు. మూడో వారం చూడకుండా నొక్కడం. ఇక్కడే టైపు నేర్చుకున్నవాళ్ళకు లాభం, వేళ్ళు దారి పట్టేస్తాయి. నాలుగో వారానికి పిల్లల జోలపాట ఒకటి వచ్చింది. అత్తమ్మ "ఇప్పుడు మంచిగున్నది" అంది. అంతకంటే పెద్ద సర్టిఫికెట్ నాకెక్కడా దొరకలేదు.

మన పాటలు నేర్చుకోవడానికి ఈ పెట్టె బాగా సరిపోతుందని అప్పుడే తెలిసింది. మనం బతుకమ్మకు పాడే పాటల్లో చాలావాటికి నాలుగైదు స్వరాల కంటే ఎక్కువ అక్కర్లేదు. పదిమందీ గొంతు కలపాలి, ముసలమ్మలూ పాడాలి, పసిపిల్లలూ అందుకోవాలి. అందుకని అవి మరీ పైకి పోవు, మరీ కిందికి దిగవు. చరణం మారుతుంది, బాణీ తిరిగి తిరిగి అదే వస్తుంది. ఒక్క చరణం వేళ్ళకు వచ్చిందంటే నలభై చరణాలూ వచ్చినట్టే.

అవ్వ పాటకు కూర్చున్నాను. ఒక లైను నోటితో పాడటం, దాన్ని మెట్ల మీద వెతకడం, దొరికిన స్వరాన్ని నోటుబుక్కులో రాయడం. బియ్యంలో రాళ్ళేరినట్టు ఒక్కొక్కటే. నాలుగు రోజుల్లో పాట దాదాపు దొరికింది. స, రి, గ, మ, ప, అంతే. నోరు పాడుతుంటే వేళ్ళు వెంట పోవడం మొదటిసారి జరిగినప్పుడు నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఒక్క చోట మాత్రం ఆగిపోయింది. ఎక్కడో ఊహించే ఉంటారు. అక్కాచెల్లెళ్ళం పోట్లాడుకున్న చోటే. అన్న గడప దగ్గర నిలబడితే చెల్లె లోపలి నుంచి చూసే చరణం. అక్కడ పాట 'గ' మీద నిలబడాలి. పెట్టెలో రెండు 'గ'లు ఉన్నాయి. సంగీతం పుస్తకాల్లో సాధారణ గాంధారం, అంతర గాంధారం అంటారు, నేను చిన్న గ, పెద్ద గ అని రాసుకున్నాను. చిన్న గ నొక్కితే పెద్దక్క పాడిన పాట వచ్చింది, ఏడుపు పాట. పెద్ద గ నొక్కితే చెల్లెది వచ్చింది, పెళ్ళి పాట. అవ్వది రెండూ కాదు.

నేను కుట్టుపని చేసే మనిషిని. జాకెట్టు సరిపోకపోతే టేపు తీస్తాం కదా, అట్లాగే టేపు తీసి పెట్టె కొలిచాను. మా పెట్టెలో మోగే తీగ పొడవు 18 అంగుళాలు. ఉత్త తీగ మీటితే స. సరిగ్గా సగం దగ్గర, 9 అంగుళాలకు నొక్కితే పై స. పన్నెండు అంగుళాలు మిగిలేట్టు నొక్కితే ప. ఒక్కొక్క మెట్టుకూ తీగ దాదాపు పద్దెనిమిదో వంతు తగ్గుతూ పోతుంది. అందుకే మొదటి మెట్టు దగ్గర అంగుళం ఎడం ఉంటే, పైకి పోయేకొద్దీ మెట్లు దగ్గర దగ్గరగా వస్తాయి. ఇది మా పెట్టె చేసినవాడి గొప్ప కాదు, తీగ స్వభావమే అంత. వీణకైనా గిటారుకైనా లెక్క ఇదే. చిన్న గకూ పెద్ద గకూ మధ్య ఎంత? ముప్పాతిక అంగుళం మీద పిసరంత. అవ్వ గొంతు ఆ ముప్పాతిక అంగుళంలో ఎక్కడో నిలబడి ఉంది. అక్కడ మెట్టు లేదు.

పెట్టె పక్కన పెట్టేశాను. ఎనిమిది రోజులు ముట్టలేదు.

2023 జనవరిలో కేస్లాపూర్ నాగోబా జాతరకు పోయాం. పుష్య అమావాస్యకు మెస్రం వంశం వాళ్ళు గోదావరి నీళ్ళు కాలినడకన తెచ్చి నాగోబాకు పూజ చేస్తారు. జన్నారం, ఉట్నూరు మీదుగా పోతే ఇంద్రవెల్లి దాటాక కేస్లాపూర్. జాతరలో ఒక మర్రిచెట్టు నీడన ఒక పెద్దాయన కూర్చుని కిక్రీ వాయిస్తున్నాడు. కిక్రీ అంటే కమానుతో వాయించే తీగవాద్యం. రాజగోండుల వంశ కథలను తరతరాలుగా పాడేది ప్రధాన్లు, వాళ్ళ వాద్యం ఇది. 1940లలో ఆదిలాబాద్ గోండుల మధ్య ఉండి పుస్తకాలు రాసిన హైమన్‌డార్ఫ్ కూడా ఈ ప్రధాన్ల కథాగానాల గురించి రాశాడు.

నాకు ఆ భాష రాదు. నేను చూసింది ఆయన ఎడమచెయ్యి. కిక్రీకి మెట్లు లేవు. వేలు తీగ మీద ఎక్కడ ఆనితే అక్కడే స్వరం. ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి ఆయన వేలు దూకడం లేదు, జారుతోంది. జారుతూ దారిలో ఒకచోట కాసేపు ఆగుతోంది. ఆగిన చోట వచ్చే స్వరం వింటే నాకు ఒళ్ళు గగుర్పొడిచింది. అవ్వ ఆగేది అట్లాంటి చోటే! మెట్లున్న వాద్యం వేరు, మెట్లు లేని వాద్యం వేరు అని నాకు అప్పుడర్థమైంది. మన కిన్నెర ఉంది చూడండి, దానికీ మెట్లున్నాయి. నాగర్‌కర్నూల్ జిల్లాకు చెందిన దర్శనం మొగులయ్య గారు పన్నెండు మెట్ల కిన్నెర వాయించి 2022లో పద్మశ్రీ అందుకున్నారు కదా. మెట్టు తోడుంటే నేర్చుకోవడం సులువు. మెట్టు లేకపోతే ఏ స్వరమైనా దొరుకుతుంది, కానీ చెయ్యి తిరగడానికి ఏళ్ళు పడుతుంది. ఈ వయసులో నేను కిక్రీ నేర్చుకోలేను. నా దగ్గరున్నది బుల్‌బుల్. దానితోనే ఏదో ఒకటి చెయ్యాలి.

ఇంటికొచ్చి మళ్ళీ పెట్టె ముందేసుకున్నాను. మామూలుగా మెట్టు తేలికగా నొక్కాలి అంటారు. చిన్న గ మెట్టును తేలికగా నొక్కి మీటి, ఆ మోత ఉండగానే వేలు ఇంకొంచెం గట్టిగా అదిమి చూశాను. తీగ ఇంకొంచెం బిగిసి స్వరం పిసరంత పైకి జరిగింది! మెట్టు నొక్కితే తీగ సాగుతుంది, సాగితే స్వరం పెరుగుతుంది, తెలిసిన విషయమే. ముప్పాతిక అంగుళమూ దాటదు, అందులో పావు వంతు కూడా దాటదేమో. కానీ చిన్న గ దగ్గర మొదలై పెద్ద గ వైపు చూసినట్టు వినిపిస్తుంది. నెల రోజులు ఆ ఒక్క వేలికే సాధన చేశాను. వేలి కొస కందిపోయి గట్టిపడింది. అన్నం కలుపుకునేటప్పుడు తెలిసేది.

ఒకరోజు అట్లా వాయిస్తుంటే చెల్లె ఫోను చేసింది. స్పీకరు పెట్టి, ఏమీ చెప్పకుండా ఆ చరణం వాయించాను. అవతల చప్పుడు లేదు. లైను కట్టయిందేమో అనుకున్నాను.

"మళ్ళోసారి వాయించు" అంది.

వాయించాను.

"అవ్వ గడప మీద కూసున్నట్టే ఉన్నదే" అంది చెల్లె. తర్వాత తనే, "నేను పైకి పోతుంది అన్న కదా, పోతుంది గానీ అంత దూరం పోదు" అంది.

పెద్దక్క అంత తొందరగా ఒప్పుకునే మనిషి కాదు. ఆ ఏడు బతుకమ్మకు ముందు పెట్టె సంచిలో పెట్టుకుని, బస్సులో ఒళ్ళో పెట్టుకుని కోరుట్ల పోయాను. విన్నది. "మంచిగనే ఉన్నది. కానీ అవ్వ వయసులో ఉన్నప్పుడు గిట్ల పాడలే, కిందికే దిగుతుండె. నువ్వు పుట్టకముందు సంగతి" అంది. దానికి నేనేం చెప్పను? అక్క నాకంటే తొమ్మిదేళ్ళు పెద్దది. నేను వినని అవ్వను ఆమె విన్నది. ఒకే మనిషి ఇరవై ఐదేళ్ళప్పుడు ఒకరకంగా, అరవై ఏళ్ళప్పుడు ఇంకోరకంగా పాడి ఉండొచ్చు కదా. అందుకని నోటుబుక్కులో మూడు పేజీలు తీశాను. ఒకదాంట్లో అక్క పాడిన తీరు, ఒకదాంట్లో చెల్లె పాడిన తీరు, ఇంకోదాంట్లో నేను వాయించిన తీరు. మూడో పేజీలో ఆ స్వరం దగ్గర చిన్న గ రాసి, పక్కన పైకి ఒక గీత పెట్టాను. ఈసారి ముగ్గురి పాటా ఫోనులో కూడా తీశాం. అక్క ఫోను చూస్తే అవ్వలాగే నోరు మూసుకుంది. దాన్ని అన్నం గిన్నె వెనక దాచిపెట్టి తీయాల్సి వచ్చింది.

మీ ఇళ్ళల్లోనూ సజ్జల మీద ఇట్లాంటి పెట్టె ఉంటే రెండు జాగ్రత్తలు చెబుతాను. వాయించిన తర్వాత పొడి నూలుబట్టతో తీగలు తుడవండి, చేతి చెమటే తుప్పుకు మూలం. నూనె రాయకండి, దుమ్ము పట్టేస్తుంది. వంటింటి ఆవిరి తగిలే గోడ పక్కన పెట్టకండి. వానాకాలంలో చాలా రోజులు వాయించని పక్షంలో తీగలు కొంచెం వదులు చేసి పెడితే పెట్టె మీద భారం పడదు. మెట్ల కింద చిన్న స్ప్రింగులుంటాయి, ఒకటి వదులైతే మెట్టు లేవదు. దాన్ని విప్పి చూసే ముందు మెట్ల వరుస ఒక కాగితం మీద గీసుకోండి. లేకపోతే తిరిగి పెట్టేటప్పుడు ఏది ఎక్కడిదో తెలియక తల పట్టుకోవాలి.

ఈమధ్య అత్తమ్మ నన్నొక పాట అడిగింది. మామగారు భజన చివర, హారతి ముందు వాయించేదట. నాకది తెలియదు. "మరి నువ్వే పాడత్తమ్మా, నేను వెతుకుతా" అన్నాను. సిగ్గుపడింది. నాలుగు రోజులు తిప్పించుకుని, ఐదో రోజు చిక్కుడుకాయలు ముందేసుకుని, అటు తిరిగి సన్నగా పాడింది. ఇప్పటికి రెండు లైన్లు దొరికాయి, నోటుబుక్కులో నాలుగో పేజీ. "నువ్వే ఒకసారి మెట్టు నొక్కి చూడు, మామ ఇప్పుడేమీ అనడు" అంటే మాత్రం చెయ్యి వెనక్కి తీసుకుంటుంది. తీగ ఒక్కటి దిగితే వంటింట్లోంచే చెబుతుంది.